టెలిస్కోపుతో గ్రహాల ఫోటోలు: తక్కువ ఖర్చులో సరైన కెమెరాను ఎంచుకోవడం ఎలా?

గురుగ్రహం భూమికి బాగా దగ్గరగా వచ్చినప్పుడు కూడా ఆకాశంలో దాని బింబం వెడల్పు 50 ఆర్క్ సెకండ్లకు (ఆర్క్ సెకండు అంటే డిగ్రీలో 3600వ వంతు) అటూ ఇటూగానే ఉంటుంది. అంటే నిండు చంద్రుడి వెడల్పులో సుమారు 36వ వంతు. 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) ఉన్న టెలిస్కోపు ఆ బింబాన్ని తన నాభి దగ్గర 0.3 మిల్లీమీటర్ల చుక్కగా మాత్రమే నిలుపుతుంది. ఆవగింజలో చిన్న భాగమైనా లేని ఆ చుక్క మీదనే మేఘపు పట్టీలు, ఎర్ర మచ్చ, ఉపగ్రహాల నీడలు అన్నీ ఇమిడి ఉంటాయి. గ్రహాల కోసం కెమెరా కొనాలనుకునేవారు ముందుగా మనసులో నిలుపుకోవలసినది ఈ కొలతే. మామూలు ఫోటోగ్రఫీలో కెమెరా ధరను పెంచే పెద్ద సెన్సర్, ఎక్కువ మెగాపిక్సెళ్లు వంటి గుణాలు ఈ చుక్క దగ్గరికి వచ్చేసరికి దాదాపు పనిలేనివవుతాయి. పిక్సెల్ పరిమాణం, వేగం, తక్కువ రొద (నాయిస్, అంటే చిత్రంలో చేరే అనవసరపు చుక్కలు) అనే మూడు గుణాలు ఫలితాన్ని నిర్ణయిస్తాయి. ఈ తేడా తెలుసుకున్నవారు తక్కువ ఖర్చుతోనే చక్కని కెమెరా ఎంచుకోగలరు.

వీడియో ఎందుకు తీయాలి?

టెలిస్కోపుకు పైన ఉన్న గాలి ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. వేడి గాలి, చల్లని గాలి పొరలు కలిసిన చోటల్లా కాంతి కొద్దికొద్దిగా వంగుతుంది. కంటికి అది నక్షత్రాల మిణుకుగా, టెలిస్కోపులో నీటి అడుగున ఉన్న నాణెంలా వణికే బింబంగా కనిపిస్తుంది. ఒకే ఒక్క ఫోటో తీస్తే ఆ క్షణంలో బింబం ఎంత చెదిరి ఉందో అంత చెదిరిన ఫోటోయే చేతికి వస్తుంది. అయితే మధ్యమధ్యలో, సెకండులో వందో వంతు వంటి అతి తక్కువ కాలంపాటు, గాలి నిలకడగా ఉండి బింబం స్పష్టంగా కనిపించే క్షణాలు ఉంటాయి. అటువంటి అదృష్ట క్షణాలు ఎంత తరచుగా దొరుకుతాయో డేవిడ్ ఫ్రీడ్ అనే శాస్త్రవేత్త 1978లో గణితపరంగా లెక్కకట్టాడు. టెలిస్కోపు వ్యాసం పెరిగేకొద్దీ ఆ అవకాశం చాలా వేగంగా తగ్గిపోతుందని ఆ లెక్క చెబుతుంది.

గ్రహాల ఫోటోగ్రఫీ అంతా ఈ సూత్రం మీదనే నడుస్తోంది. రెండు మూడు నిమిషాల వీడియోలో కొన్ని వేల ఫ్రేములు తీసి, ఆటోస్టాకర్ట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తే, అది ప్రతి ఫ్రేము నాణ్యతనూ అంచనా కట్టి వరుసలో పెడుతుంది. వాటిలో మేలైన 10 నుంచి 30 శాతాన్ని ఒకదానిపై ఒకటి సరిగ్గా పేర్చి సగటు తీస్తే రొద తగ్గుతుంది. 900 ఫ్రేముల సగటులో రొద ఒక్క ఫ్రేములో ఉన్నదానికన్నా 30 రెట్లు తక్కువగా ఉంటుంది. ఆ తర్వాత రెజిస్టాక్స్ వంటి సాఫ్ట్‌వేర్‌లో వేవ్‌లెట్ పద్ధతితో పదును పెడితే, వీడియోలో ఎక్కడా కంటికి కనిపించని వివరాలు పైకి తేలుతాయి. మొదటిసారి ఆ మార్పును తెరమీద చూసినప్పుడు కలిగే ఆనందాన్ని నేను ఇప్పటికీ మరువలేదు.

వీడియోకు మరో ప్రయోజనం కూడా ఉంది. 2010 జూన్ 3న ఆస్ట్రేలియాలో ఆంథొనీ వెస్లీ, ఫిలిప్పీన్స్‌లో క్రిస్టఫర్ గో అనే ఇద్దరు ఔత్సాహికులు వేర్వేరుగా గురుగ్రహాన్ని వీడియో తీస్తుండగా, ఏదో చిన్న ఖగోళ శకలం ఆ గ్రహాన్ని ఢీకొన్న మెరుపు దాదాపు రెండు సెకండ్లపాటు ఇద్దరి వీడియోల్లోనూ నమోదైంది. నిశ్చల చిత్రాలు తీస్తూ ఉంటే అది ఇద్దరి చేతికీ అందకపోయేది.

వీడియోను ఎంతసేపైనా తీయవచ్చునా అంటే వీలుకాదు. గురుగ్రహం 10 గంటలకన్నా తక్కువ కాలంలోనే తన చుట్టూ తాను తిరుగుతుంది కనుక, బింబం 45 ఆర్క్ సెకండ్ల వెడల్పు ఉన్నప్పుడు దాని నడిమధ్య ఉన్న గుర్తు నిమిషానికి సుమారు 0.24 ఆర్క్ సెకండ్లు పక్కకు జరుగుతుంది. చిన్న, మధ్యస్థ టెలిస్కోపులకు రెండు మూడు నిమిషాలు దాటితే ఆ జరుగుడు వివరాలను అలికేయడం మొదలుపెడుతుంది. ఆ కొద్ది నిమిషాల్లో ఎన్ని ఎక్కువ ఫ్రేములు పట్టగలిగితే అంత మేలు. కెమెరాకు వేగం ఎందుకు కావాలో చెప్పే కారణం ఇదే.

డబ్బు ఎక్కడ ఆదా చేయవచ్చు?

శీతలీకరణ ఉన్న ఖగోళ కెమెరాల ధర అది లేనివాటికంటే చాలా ఎక్కువ. నీహారికలను నిమిషాల తరబడి ఎక్స్‌పోజర్ ఇచ్చి తీసేవారికి సెన్సర్ వేడి వల్ల పుట్టే రొద పెద్ద సమస్య కాబట్టి వారికి అది అవసరం. గ్రహానికి ఇచ్చే ఎక్స్‌పోజర్ 5 నుంచి 30 మిల్లీసెకండ్లే. అంత తక్కువ వ్యవధిలో వేడి వల్ల పుట్టే రొద లెక్కలోకి రాదు. గ్రహాల కోసమే కొనేవారు శీతలీకరణకు అదనంగా ఖర్చు పెట్టనవసరం లేదు.

సెన్సర్ పరిమాణం సంగతీ అంతే. పైన చెప్పిన 1200 మిల్లీమీటర్ల టెలిస్కోపుకు బింబాన్ని పెద్దది చేసే రెండు రెట్ల బార్లో కటకం జోడించినా గురుబింబం అర మిల్లీమీటరు దాటి కొద్దిగానే ఉంటుంది. 5 లేదా 6 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న చిన్న సెన్సర్‌లోనే దాని చుట్టూ బోలెడంత ఖాళీ మిగులుతుంది. చంద్రుడిని విశాలంగా తీయాలనుకునేవారికి, టెలిస్కోపును చేత్తో నెట్టుకుంటూ తిప్పేవారికి మాత్రం పెద్ద సెన్సర్ ఉపయోగపడుతుంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఒక్కొక్క పిక్సెల్ వెలుగును ఎంత సూక్ష్మంగా కొలుస్తుందో చెప్పే బిట్ల సంఖ్యను కూడా ప్రకటనల్లో గొప్పగా చెబుతారు. గ్రహాలను ఎక్కువ గెయిన్‌తో, అంటే సెన్సర్ సంకేతాన్ని బాగా పెంచి, తీస్తాం కనుక ఒక్కొక్క ఫ్రేములో రొద బాగానే ఉంటుంది. ఆ రొద మధ్య 12 బిట్లకూ 8 బిట్లకూ తేడా సాధారణంగా కనిపించదు. వేల ఫ్రేముల సగటు తీసినప్పుడు కోల్పోయామనుకున్న సూక్ష్మ ఛాయలు తిరిగి వస్తాయి. పైగా 12 బిట్ల వీడియోను 16 బిట్ల ఫైలుగా రాస్తారు కనుక, 8 బిట్లలో తీస్తే ఫైలు పరిమాణం అందులో సగమే అవుతుంది.

పిక్సెల్‌కూ టెలిస్కోపుకూ పొత్తు

ఎంపికలో అన్నింటికన్నా జాగ్రత్తగా ఆలోచించవలసిన చోటు ఇది. కెమెరా ఒంటరిగా మంచిదో చెడ్డదో చెప్పలేం. మీ టెలిస్కోపుతో కలిస్తే ఎలా ఉంటుందో మాత్రమే చెప్పగలం. టెలిస్కోపు ఎఫ్ నిష్పత్తి అంటే నాభ్యంతరాన్ని వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య. ఆ సంఖ్య, సెన్సర్ పిక్సెల్ పరిమాణాన్ని మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) తీసుకుని 5తో గుణిస్తే వచ్చే సంఖ్యకు దగ్గరగా ఉండాలి. ఔత్సాహికులు దీర్ఘకాలంగా పాటిస్తున్న మోటు లెక్క ఇది. దీని వెనుక ఉన్న భౌతిక కారణం సులభమే: టెలిస్కోపు చూపగల అతి సూక్ష్మ వివరం సెన్సర్ మీద పడినప్పుడు దానిని కనీసం రెండు మూడు పిక్సెళ్లు పంచుకోవాలి. అంతకన్నా తక్కువైతే టెలిస్కోపు ఇచ్చిన వివరం పిక్సెళ్ల సందుల్లో పోతుంది. మరీ ఎక్కువైతే బింబం పెద్దదవుతుంది గాని కొత్త వివరమేమీ రాదు. కాంతి పలుచబడి, ఎక్స్‌పోజర్ పెంచవలసి వచ్చి, ఫ్రేములు తగ్గిపోతాయి. ఎఫ్ నిష్పత్తిని రెండింతలు చేస్తే ఒక్కొక్క పిక్సెల్‌కు చేరే కాంతి నాలుగో వంతుకు పడిపోతుందని గుర్తుంచుకోవాలి.

ఈ 5 అనే గుణకం రాతిగీత కాదు. గాలి తరచుగా కలతగా ఉండే చోట 3 లేదా 4 దగ్గర ఆగడం మంచిది; గాలి ఎంతో నిలకడగా ఉండే రాత్రుల్లో అనుభవజ్ఞులు 7 వరకూ వెళ్తారు. కొత్తవారు బింబం పెద్దగా కనిపించాలనే ఆశతో ఎక్కువ వైపు మొగ్గుతారు. నా సలహా దానికి విరుద్ధంగా ఉంటుంది: మొదటి సంవత్సరం కొంచెం తక్కువ వైపే ఉండండి. చిన్నదైనా ప్రకాశవంతంగా, పదునుగా ఉన్న బింబం మీద ఫోకస్ చేయడం సులభం, ఫ్రేములూ ఎక్కువ దొరుకుతాయి.

ఉదాహరణకు 150 మిల్లీమీటర్ల వ్యాసం, 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న ఎఫ్/8 టెలిస్కోపును తీసుకుందాం. 2.9 మైక్రాన్ల పిక్సెళ్లున్న కెమెరాకు కావలసినది ఎఫ్/14.5. రెండు రెట్ల బార్లో వేస్తే ఎఫ్/16 అవుతుంది, చక్కని జోడీ. అప్పుడు ఒక్కొక్క పిక్సెల్ 0.25 ఆర్క్ సెకండ్లను చూస్తుంది, 45 ఆర్క్ సెకండ్ల గురుగ్రహం 180 పిక్సెళ్ల వెడల్పున వస్తుంది. అదే కెమెరాను 200 మిల్లీమీటర్ల ఎఫ్/5 న్యూటోనియన్‌కు (దర్పణాలతో పనిచేసే టెలిస్కోపు) పెట్టాలంటే మూడు రెట్ల బార్లో కావాలి. 200 మిల్లీమీటర్ల ఎఫ్/10 ష్మిట్-కాసెగ్రెయిన్ (దర్పణాలు, కటకం కలిసిన పొట్టి టెలిస్కోపు) ఉన్నవారికి మరో దారి ఉంది: 2 మైక్రాన్ల పిక్సెళ్ల కెమెరా తీసుకుంటే 5 రెట్లు సరిగ్గా 10 అవుతుంది కనుక బార్లో లేకుండానే పని జరుగుతుంది. మధ్యలో ఒక కటకం తగ్గితే ఖర్చూ తగ్గుతుంది, పోగొట్టుకునే కాంతీ తగ్గుతుంది. కెమెరా ధరను, దానికి తప్పనిసరి అయ్యే బార్లో ధరను కలిపి చూడకుండా ఏది చౌకో నిర్ణయించకూడదని చెప్పడానికే ఈ ఉదాహరణ.

వేగం, కేబులు, కంప్యూటరు

సెకండుకు ఇన్ని ఫ్రేములు అని పెట్టె మీద రాసిన సంఖ్య ఒక్కటే చూసి కొనకూడదు. ఆ వేగాన్ని మూడు విషయాలు కలిసి నిర్ణయిస్తాయి: ఎక్స్‌పోజర్ వ్యవధి, కేబులు గుండా సాగే దత్తాంశ ప్రవాహం, కంప్యూటరు డిస్కు దానిని రాసుకోగల వేగం. ఎక్స్‌పోజర్ 8 మిల్లీసెకండ్లయితే కెమెరా ఎంత గొప్పదైనా సెకండుకు 125 ఫ్రేములకు మించి రావు.

యూఎస్‌బీ 2.0 కేబులు ఆచరణలో సెకండుకు సుమారు 40 మెగాబైట్లను మోయగలదు. 1920×1080 పిక్సెళ్ల పూర్తి ఫ్రేము 8 బిట్లలో 2 మెగాబైట్ల పైమాటే కనుక సెకండుకు 20 ఫ్రేములు దాటవు. అయితే గ్రహానికి అంత ఫ్రేము అవసరమే లేదు. సెన్సర్‌లో గ్రహం ఉన్న కొద్ది ప్రాంతాన్ని మాత్రమే చదివే సదుపాయం, అంటే ఆర్‌ఓఐ, ఉన్న కెమెరాలో 640×480 పిక్సెళ్ల కిటికీ తీసుకుంటే ఫ్రేము 0.3 మెగాబైట్లకు తగ్గి, అదే పాత కేబులు మీద సెకండుకు 100కు పైగా ఫ్రేములు సాధ్యమవుతాయి. కాబట్టి ఆర్‌ఓఐ సదుపాయం ఉండటం తప్పనిసరి. ఆ కిటికీతో వేగం నిజంగా పెరుగుతుందా లేదా అన్నది కూడా ఆ నమూనా వివరాల పట్టికలో చూసుకోవాలి.

శనిగ్రహం సూర్యుడికి ఎక్కువ దూరంలో ఉంది కనుక గురుగ్రహం మీద పడే వెలుగులో మూడో వంతుకన్నా తక్కువే దాని మీద పడుతుంది; ఎక్స్‌పోజర్ 20 మిల్లీసెకండ్లకు పైగా ఇవ్వవలసి వస్తుంది. అంటే సెకండుకు 50 ఫ్రేములే గరిష్ఠం. అక్కడ యూఎస్‌బీ 3.0 కెమెరా వేగం కొంత వృథాగా మిగిలిపోతుంది. చిన్న టెలిస్కోపు ఉండి, ఖర్చు బాగా తగ్గించుకోవాలనుకునేవారు యూఎస్‌బీ 2.0 కెమెరాతో నిరభ్యంతరంగా మొదలుపెట్టవచ్చు. 200 మిల్లీమీటర్లు, ఆ పైన వ్యాసం ఉన్నవారు మాత్రం 3.0 తీసుకోవాలి.

డిస్కును మరిచిపోవద్దు. 640×480 కిటికీతో సెకండుకు 120 ఫ్రేముల చొప్పున రెండు నిమిషాలు తీస్తే 4 గిగాబైట్లు దాటుతుంది. పాత హార్డ్ డిస్కు కొంతసేపు బాగానే రాసుకుని, తర్వాత వెనకబడి ఫ్రేములను వదిలేస్తుంది. కొత్త కెమెరా నెమ్మదిగా ఉందని బాధపడేవారిలో చాలామందికి అసలు ఇబ్బంది పాత ల్యాప్‌టాప్ డిస్కుతోనే. ఎస్‌ఎస్‌డీ లేకపోతే దానికయ్యే ఖర్చును కూడా కెమెరా ఖర్చులో భాగంగానే లెక్కించుకోవాలి.

రంగుల కెమెరానా, నలుపు తెలుపు కెమెరానా?

నలుపు తెలుపు కెమెరాలో ప్రతి పిక్సెలూ అన్ని రంగుల కాంతినీ అందుకుంటుంది కాబట్టి సూత్రరీత్యా అది మేలైనది. దానితో రంగు చిత్రం కావాలంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు, వాటిని తిప్పే చక్రం కొనాలి. మూడు వీడియోలు వరుసగా తీయాలి. మూడింటికీ ఫోకస్ చూసుకోవాలి. ఈ లోపల గురుగ్రహం తిరుగుతూనే ఉంటుంది. రంగుల కెమెరాలో పిక్సెళ్లలో సగం ఆకుపచ్చకు, పావు వంతు ఎరుపుకు, పావు వంతు నీలానికి కేటాయించి ఉంటాయి. గాలి వణుకు వల్ల బింబం పిక్సెళ్ల మీద అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది కనుక వేల ఫ్రేములు పేర్చినప్పుడు ఆ ఖాళీలు చాలావరకు పూడిపోతాయి. తక్కువ ఖర్చులో మొదలుపెట్టేవారికి రంగుల కెమెరానే నేను నిస్సంకోచంగా సూచిస్తాను.

అయితే ఒక జాగ్రత్త ఉంది. సెన్సర్ ముందున్న గాజు పలక పరారుణ కాంతిని ఆపుతుందో లేదో కొనేముందే తెలుసుకోవాలి. చాలా గ్రహ కెమెరాల్లో ఆ గాజు అన్నింటినీ లోపలికి పంపేస్తుంది. అప్పుడు రంగులు తేలిపోతాయి. కటక టెలిస్కోపులైతే పరారుణాన్ని వేరే చోట ఫోకస్ చేస్తాయి కనుక చిత్రం మసకబారుతుంది. అటువంటి కెమెరాకు అతినీలలోహిత, పరారుణ కాంతులను ఆపే యూవీ-ఐఆర్ కట్ ఫిల్టరు తప్పనిసరి. అదే గాజు మరో రకంగా వరం కూడా: 850 నానోమీటర్ల దగ్గర రంగుల సెన్సర్‌లోని మూడు రకాల పిక్సెళ్లూ దాదాపు ఒకేలా కాంతిని అందుకుంటాయి కాబట్టి, పరారుణాన్ని మాత్రమే పంపే ఐఆర్ పాస్ ఫిల్టరు వేస్తే రంగుల కెమెరాయే నలుపు తెలుపు కెమెరాలా పనిచేస్తుంది. పరారుణంలో గాలి వణుకు తక్కువగా ఉంటుంది కనుక గ్రహం ఆకాశంలో కిందగా ఉన్నప్పుడు ఇది ఆదుకుంటుంది.

ఏ సెన్సర్ ఉన్న కెమెరా?

కెమెరా పేరుకన్నా లోపల ఉన్న సెన్సర్ పేరు ముఖ్యం. ఒకే సోనీ ఐఎంఎక్స్462 సెన్సర్‌ను జెడ్‌డబ్ల్యూఓ వారు ఏఎస్ఐ462ఎంసీలోనూ, క్యూహెచ్‌వై వారు 5-త్రీ-462సీలోనూ, ప్లేయర్ వన్ వారు మార్స్-సీలోనూ వాడారు. చిత్రం నాణ్యతలో వాటి మధ్య పెద్ద తేడా ఉండదు. డ్రైవర్లు, వారంటీ, లోపల తాత్కాలిక మెమరీ ఉండటం వంటి విషయాల్లో తేడాలుంటాయి. కనుక ముందు సెన్సర్‌ను నిర్ణయించుకుని, తర్వాత దానిని ఎవరు తక్కువకు, నమ్మకంగా ఇస్తున్నారో చూడటం మంచి పద్ధతి.

ఐఎంఎక్స్224 పాతదే, 1304×976 పిక్సెళ్లే, కానీ 3.75 మైక్రాన్ల పిక్సెళ్లు, ఎక్కువ గెయిన్‌లో చాలా తక్కువ రీడ్ నాయిస్ దాని బలాలు. రీడ్ నాయిస్ అంటే ప్రతి ఫ్రేమును చదివిన ప్రతిసారీ సెన్సర్ తానుగా చేర్చే రొద. వేలసార్లు చదివే పనిలో అది తక్కువగా ఉండటం ఎంతో విలువైన గుణం. ఎఫ్/10 టెలిస్కోపుకు రెండు రెట్ల బార్లో వేసుకునేవారు వాడిన కెమెరాల్లో దీనిని వెతుక్కుంటే నిరాశ చెందరు. ఐఎంఎక్స్290, ఐఎంఎక్స్462, ఐఎంఎక్స్662 మూడూ 2.9 మైక్రాన్లవే, సుమారు 1920×1080 పిక్సెళ్లవే. పరారుణంలో 462 బలం ఎక్కువ. 662 ఆ వరుసలో కొత్తది, రొద తక్కువ. కొత్త కెమెరాయే కొనాలనుకునే చాలామందికి 462 గాని 662 గాని సరైన సమాధానమని నా అభిప్రాయం. ఎస్‌వీబోనీ వారి ఎస్‌వీ305లో 290 సెన్సరే ఉంది, కేబులు యూఎస్‌బీ 2.0, ఆర్‌ఓఐని తెలివిగా వాడుకునేవారికి అది మొదటి మెట్టుగా సరిపోతుంది.

ఐఎంఎక్స్678లో 2 మైక్రాన్ల పిక్సెళ్లు 3840×2160 ఉంటాయి. ఎఫ్/10 వారికి బార్లో లేని దారి ఇదే. ఐఎంఎక్స్585లో అన్నే పిక్సెళ్లు 2.9 మైక్రాన్ల పరిమాణంలో ఉంటాయి కనుక సెన్సర్ 11 మిల్లీమీటర్ల వెడల్పుకు పెరుగుతుంది, ధర కూడా పెరుగుతుంది. చంద్రుడిని కూడా ఇష్టంగా తీసేవారు దానిని ఆలోచించవచ్చు. ఇంకా చిన్న, 1.45 మైక్రాన్ల పిక్సెళ్లున్న సెన్సర్లు కూడా వస్తున్నాయి. 5 రెట్ల లెక్క ప్రకారం వాటికి ఎఫ్/7 పరిసరాల్లోని టెలిస్కోపు నేరుగా సరిపోతుంది.

ఎలక్ట్రానిక్ ఐపీస్ (ఐపీస్ అంటే కన్ను పెట్టి చూసే కటకం) అనే పేరుతో వచ్చే అతి చౌక పరికరాల విషయంలో ఒకటి అడిగి తెలుసుకోవాలి: అది కుదించని ముడి వీడియో ఇస్తుందా? జేపెగ్ తరహా కుదింపు ప్రతి ఫ్రేములోనూ చదరపు గళ్ల మచ్చలను వదులుతుంది. వేల ఫ్రేములు పేర్చి పదును పెట్టినప్పుడు గ్రహం వివరాలతో పాటు ఆ గళ్లు కూడా పదునెక్కుతాయి. ఎస్‌ఈఆర్ ఫైలుగా లేదా కుదించని ఏవీఐగా రాసుకునే వీలు లేని కెమెరాను తీసుకోకపోవడమే మేలు.

చేతిలో ఉన్నదానితో మొదలుపెట్టడం

డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నవారు వెంటనే కొత్త కెమెరా కొననవసరం లేదు. కొన్ని నమూనాల్లో సెన్సర్ నడిమి భాగాన్ని మాత్రమే పిక్సెల్‌కు పిక్సెల్ చొప్పున రికార్డు చేసే మూవీ క్రాప్ పద్ధతి ఉంటుంది. కానన్ 550డీ, 60డీలలో ఇది 640×480 పరిమాణంలో ఉంది. అది లేని కెమెరాల్లో మామూలు వీడియో తీస్తే, మొత్తం సెన్సర్‌ను కుదించి చిన్న ఫ్రేముగా మారుస్తుంది కనుక గ్రహం వివరాలు పోతాయి. లైవ్ వ్యూను 5 రెట్లు పెద్దది చేసి, ఆ తెరను కంప్యూటరుకు పంపే సాఫ్ట్‌వేర్ వాడితే ఈ లోపాన్ని కొంత దాటవచ్చు. ఐపీస్‌కు బిగించిన ఫోనుతోనూ శని వలయాలు, గురుడి పట్టీలు వస్తాయి. అయితే ఫోను వీడియోను కుదిస్తుంది, ఎక్స్‌పోజరును తనకు తోచినట్లు మారుస్తుంది.

ఒకప్పుడు ఈ రంగం మొత్తం వెబ్‌క్యామ్‌ల మీదనే నడిచింది. ఫిలిప్స్ టూయూక్యామ్ ప్రో వంటి 640×480 వెబ్‌క్యామ్‌ల కటకం ఊడదీసి, దాని స్థానంలో 1.25 అంగుళాల గొట్టం బిగించి, 2003 ఆగస్టులో అంగారకుడు 25 ఆర్క్ సెకండ్లకు పెరిగినప్పుడు ఎందరో గొప్ప చిత్రాలు తీశారు. ఆ పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. కానీ ఇప్పటి సీమాస్ సెన్సర్ల వేగం, కాంతిగ్రహణ శక్తి చూసిన తర్వాత, పాత వెబ్‌క్యామ్ కోసం కొత్తగా డబ్బు పెట్టమని ఎవరికీ చెప్పలేను.

డాబ్సోనియన్ ఉన్నవారికి ఒక మాట

మామూలు డాబ్సోనియన్‌లా చేత్తో తిప్పవలసిన, గ్రహాన్ని తానుగా వెంబడించని టెలిస్కోపు ఉంటే లెక్కలు కొంత మారతాయి. భూభ్రమణం వల్ల గ్రహం సెకండుకు సుమారు 15 ఆర్క్ సెకండ్ల చొప్పున జరిగిపోతుంది. పిక్సెల్‌కు 0.25 ఆర్క్ సెకండ్ల దగ్గర అది సెకండుకు 60 పిక్సెళ్లు. 640 పిక్సెళ్ల కిటికీని గ్రహం 10 సెకండ్లలో దాటేస్తుంది. 1920 పిక్సెళ్ల సెన్సర్‌లో అరనిమిషం, 3840లో నిమిషం పైన నిలుస్తుంది. ఈ ఒక్క సందర్భంలో పెద్ద సెన్సర్‌కు, దానితో పాటు యూఎస్‌బీ 3.0కు పెట్టిన డబ్బు నిజంగా ఫలిస్తుంది. టెలిస్కోపును గ్రహానికి కొద్దిగా ముందు నిలిపి, అది ఒక చివర నుంచి మరో చివరకు సాగేవరకు వీడియో తీసి, మళ్లీ నెట్టి మళ్లీ తీయాలి. పిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ ముక్కలన్నింటిలోనూ గ్రహాన్ని వెతికి నడిమికి తెచ్చి కత్తిరించి ఇస్తుంది. 10 మిల్లీసెకండ్ల ఎక్స్‌పోజర్‌లో గ్రహం కదిలేది 0.15 ఆర్క్ సెకండ్లే కనుక ఆ కదలిక వల్ల చిత్రం చెదరదు.

కెమెరాతో పాటు అయ్యే ఖర్చులు

కెమెరాకే మొత్తం సొమ్ము పెట్టేసి తర్వాత ఇబ్బందిపడేవారిని చూశాను. యూవీ-ఐఆర్ కట్ ఫిల్టరు, సరైన బార్లో ఈ రెండింటికీ ముందే కొంత పక్కన పెట్టాలి. గ్రహం ఆకాశంలో కిందగా ఉన్నప్పుడు గాలి ఇంద్రధనుస్సులా దాని రంగులను విడదీసి ఒక అంచున ఎరుపును, మరో అంచున నీలాన్ని పూస్తుంది. దానిని సరిచేసే ఏడీసీ అనే పరికరం మంచిదే గాని, గ్రహం పైకి ఎక్కేవరకు ఆగగలిగినవారు దానిని తర్వాత కొనుక్కోవచ్చు.

న్యూటోనియన్ ఉన్నవారు ఫోకస్ అందుతుందో లేదో ముందే చూసుకోవాలి. కెమెరా సెన్సర్ ఐపీస్ కన్నా లోపలికి వెళ్లవలసి వస్తుంది. కొన్ని టెలిస్కోపుల్లో ఫోకసర్ పూర్తిగా లోపలికి తిప్పినా చాలదు. బార్లో వేసినప్పుడు నాభి బయటికి జరుగుతుంది కనుక చాలాసార్లు ఈ చిక్కు విడిపోతుంది. గొట్టంలోకి దూరే సన్నని, పొడవాటి ఆకారంలో ఉన్న కెమెరాలు కూడా ఇక్కడ సహాయపడతాయి.

వాడిన కెమెరా తీసుకోవడం, మొదటి పరీక్ష

గ్రహ కెమెరాల్లో అరిగిపోయే భాగాలు లేవు కనుక వాడినవి కొనడంలో ప్రమాదం తక్కువ. అయినా తయారీదారు ఇప్పటికీ మీ కంప్యూటరుకు సరిపోయే డ్రైవరు ఇస్తున్నారా, వీడియో రికార్డు చేసే ఫైర్‌క్యాప్చర్ లేదా షార్ప్‌క్యాప్ సాఫ్ట్‌వేర్ ఆ నమూనాను గుర్తిస్తుందా అన్నది ముందే చూడండి. యూఎస్‌బీ సాకెట్ వదులుగా ఉంటే తీసుకోకండి. మూత పెట్టి గెయిన్ పెంచి ఒక చిన్న వీడియో తీస్తే అడ్డగీతలు, పదేపదే ఒకే చోట కనిపించే నమూనాలు ఉన్నాయో లేదో తెలుస్తుంది. సక్రమమైన రొద వర్షపు తుంపరలా చెల్లాచెదురుగా ఉంటుంది, సగటులో పోతుంది, గీతలు మాత్రం సగటులోనూ మిగులుతాయి. తెల్లని గోడ వైపు తిప్పి చూస్తే ధూళి మచ్చలు బయటపడతాయి. అవి తుడిస్తే పోతాయి కనుక వాటి గురించి భయం అక్కరలేదు.

కొత్తదైనా పాతదైనా, తిరిగి ఇచ్చే గడువు ముగిసేలోపు పగలే ఒక పరీక్ష చేయండి. సూర్యుడికి దూరంగా ఉన్న దిక్కులో, చాలా దూరాన ఉన్న స్తంభాన్నో గోపురాన్నో ఫోకస్ చేసి, 640×480 కిటికీతో, 8 మిల్లీసెకండ్ల ఎక్స్‌పోజర్‌తో రెండు నిమిషాలు రికార్డు చేయండి. సాఫ్ట్‌వేర్ చూపే వదిలేసిన ఫ్రేముల సంఖ్య సున్నాకు దగ్గరగా ఉండాలి. గురి చూడటానికి టెలిస్కోపుకు బిగించిన ఫైండర్‌ను కూడా అప్పుడే దూరపు గుర్తుకు సరిచేసుకోండి. ఇంత చిన్న సెన్సర్ మీదకు రాత్రి చీకట్లో గ్రహాన్ని తేవడం మొదట్లో అందరికీ కష్టంగానే ఉంటుంది.

మొదటి నిర్మలమైన రాత్రి గురుగ్రహాన్ని తీసినప్పుడు, చిత్రంలో దాని వెడల్పు ఎన్ని పిక్సెళ్లో లెక్కించండి. పిక్సెల్ పరిమాణాన్ని మైక్రాన్లలో తీసుకుని, ఆ పిక్సెళ్ల సంఖ్యతోనూ 206.265తోనూ గుణించి, ఆ రోజు గ్రహం కోణ వ్యాసంతో భాగిస్తే మీ అమరిక నిజమైన నాభ్యంతరం మిల్లీమీటర్లలో వస్తుంది. 2.9 మైక్రాన్ల కెమెరాలో 45 ఆర్క్ సెకండ్ల గురుగ్రహం 200 పిక్సెళ్లు వచ్చిందంటే నాభ్యంతరం సుమారు 2660 మిల్లీమీటర్లు. 1200 మిల్లీమీటర్ల టెలిస్కోపు మీద మీ రెండు రెట్ల బార్లో నిజానికి 2.2 రెట్లు పెంచుతోందని అర్థం. బార్లోకూ సెన్సర్‌కూ మధ్య దూరం పెరిగితే ఆ పెంపు ఇంకా పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఆ దూరాన్ని సర్దుకుంటూ మీ పిక్సెల్‌కు తగిన ఎఫ్ నిష్పత్తికి రావడానికి కొత్త కటకం కొననవసరం లేదు.